గురజాడ సాయంత్రానికి ఒక్క మంచం చాలు

నమస్తే అండీ. సెప్టెంబర్ 21, గురజాడ పుట్టినరోజు దగ్గరపడుతోంది, మన బెంగళూరు అపార్ట్‌మెంట్ల తెలుగు గ్రూపుల్లో మళ్లీ అదే చర్చ: ముఖ్య అతిథిగా ఎవర్ని పిలుద్దాం, ఫ్లెక్సీ ఎంత పెద్దది పెడదాం, కన్యాశుల్కంలో గిరీశం వేషం ఎవరికిద్దాం. నాకు చిరాకు వచ్చేది ఇక్కడే. ఆ మధ్య మారతహళ్లి వైపు ఒక క్లబ్‌హౌస్‌లో ఇలాంటి కార్యక్రమానికి వెళ్లాను. జ్యోతి వెలిగించారు, ఫొటోకి దండ వేశారు, ఐదుగురు మాట్లాడారు, ఐదుగురూ మహాకవి అన్నారు, గంటన్నర తర్వాత భోజనాలకి లేచాం. ఆయన రాసిన ఒక్క వాక్యం కూడా ఎవరూ చదవలేదు!

గురజాడ రాసింది చెవికండీ. ఆయన నాటకం కన్యాశుల్కం 1892లో విజయనగరంలో ఆడింది, పుస్తకంగా వచ్చింది 1897లో. అంటే జనం ముందు విన్నారు, చదవడం తర్వాత. 1909లో దాన్ని బాగా పెంచి తిరగరాశారు, ఏడు అంకాలు, మొత్తం వేయడం మనవల్ల అయ్యే పని కాదు, వేయక్కర్లేదు కూడా. మంచం సీను ఒక్కటి తీసుకోండి. వేశ్య మధురవాణి ఇంట్లో రామప్పంతులు మంచం కింద దాక్కుని ఉంటాడు, గిరీశం కూడా అక్కడికే దూరతాడు, ఈలోపు పూటకూళ్లమ్మ చీపురు పట్టుకుని వచ్చేస్తుంది. నలుగురు మనుషులు చాలు. రెండు బెంచీలు కలిపి దుప్పటి కప్పితే అదే మంచం. చీపురు మాత్రం కొబ్బరి ఈనెలదే తెచ్చుకోండి, బెంచీ మీద ఒక్కటి వేస్తే ఆఖరి వరసలో ఫోన్ చూసుకుంటున్నవాళ్లు కూడా తలెత్తుతారు.

ఇప్పుడు నాకు తెగ ఇష్టమైన సంగతి. 1910లో వచ్చిన దిద్దుబాటు కథలోనూ మంచమే! గోపాలరావు అర్ధరాత్రి దాటాక ఇంటికొచ్చి తలుపు తలుపు అంటాడు, భార్య కనపడదు, ఉత్తరం ఒకటి కనపడుతుంది, వదిలేసి వెళ్లిపోయిందనుకుని కుమిలిపోతాడు, అప్పుడు మంచం కింద నుంచి కమలిని నవ్వు, గాజుల చప్పుడు. చూడండి, నాటకంలో ఆ మంచం కింద నక్కింది మగవాళ్లు, దొరికిపోతామన్న భయంతో. కథలో ఉన్నది చదువుకున్న భార్య, మొగుణ్ణి దారిలో పెట్టడానికి. కాబట్టి బెంచీలు అక్కడే ఉంచండి, దుప్పటి కూడా తీయొద్దు, నాటకం ముక్క అవగానే కథ మొదలుపెట్టేయండి. స్త్రీల గురించి గురజాడ ఏమనుకున్నారో చెప్పడానికి ఇక వేరే ఉపన్యాసం ఎందుకండీ?

చదివేది ఎవరు అంటారా? పిల్లలతో చదివించండి. ఇక్కడి పిల్లలకి తెలుగు మాట వచ్చు, అక్షరం రాదు, స్కూల్లో నేర్చుకుంది కన్నడం. దయచేసి వాళ్ల భాగాన్ని ఇంగ్లీషు అక్షరాల్లో టైప్ చేయకండి, ళ ఏదో ల ఏదో ణ ఏదో అన్నీ కలిసిపోతాయి. కన్నడ లిపిలో రాసివ్వండి. రెండు లిపులకీ గుణింతం దాదాపు ఒకటే, రెండుసార్లు చూసుకుంటే పిల్లలు గడగడా చదివేస్తారు. పెద్దవాళ్లు విజయనగరం యాస కోసం తంటాలు పడక్కర్లేదు. అనంతపురం ఆవిడ అనంతపురం గొంతుతోనే పూటకూళ్లమ్మ అవ్వొచ్చు. మాటలు మాత్రం ఒక్కటి కూడా మార్చకూడదు, వాటి కోసమే కదా కూర్చుంటున్నాం.

టైమ్ అయిపోతోంది, మిగతావి గబగబా చెప్పేస్తాను. గురజాడ 1915లో పోయారు, ఆయన రచనలకి ఇప్పుడు కాపీరైట్ లేదు, ఎవరి అనుమతీ అడగక్కర్లేదు. ఒక్క మైకు చేతులు మారితే సీను చచ్చిపోతుంది, మూడైనా పెట్టండి. భోజనాలు చదవడం అయ్యాకే, బిర్యానీ మూత ముందే తీశారంటే ఎవరి మనసూ మంచం దగ్గర ఉండదు. మధ్యలో ఆయన ముత్యాల సరం ఛందస్సులో రాసిన పద్యం ఒకటి చప్పట్లతో చెప్పించండి, మాత్రలు మూడు నాలుగు మూడు నాలుగు, గుత్తు, నాముత్, త్యాల, సరములు. రెండు నిమిషాల్లో హాలంతా అందుకుంటుంది.

కమలిని వేసే అమ్మాయి మొదటి నుంచీ దుప్పటి వెనకే కూర్చోవాలి, కదలకుండా. గాజులు మట్టివే వేయండి, ప్లాస్టిక్‌వి అంత దూరం వినపడవు.