ఒక డబ్బా, రెండు చెంబుల నీళ్లు

శ్రోతలందరికీ నమస్కారం. బెంగళూరులో ఉండేవాళ్లకి నీళ్లతో రెండు టెన్షన్లు. మార్చిలో ట్యాంకర్ ఎప్పుడొస్తుందా అని, సెప్టెంబరులో రోడ్డు మీద నీళ్లు ఎప్పుడు తీస్తాయా అని. ఒకే ఊరు, ఒకే ఏడాది. ఈ రెంటికీ మధ్య ఉన్నది మన కాళ్ల కింది ఎర్రమన్ను.

మా అపార్ట్‌మెంట్‌లో ఇంకుడు బావి తవ్వడానికి ఒక పెద్దాయన వచ్చాడు. ఇక్కడ బావులు తవ్వే ఒడ్డెరవాళ్లలో తెలుగు మాట్లాడేవాళ్లు చాలామంది, వింటే ప్రాణం లేచొస్తుంది. ఆయన బైకులు పెట్టే చోట మట్టి చేతిలోకి తీసుకుని, "పైమన్ను చచ్చిపోయిందమ్మా, నీళ్లెక్కడ దిగుతాయి" అన్నాడు. ఆ మాట నన్ను వదల్లేదు.

శనివారం పొద్దున పాలపొడి డబ్బా అడుగు కోయించి, కానుగ చెట్టు కింద ఎండుటాకులు పక్కకి జరిపి, రెండంగుళాలు నేలలోకి దించాను. చెంబుడు నీళ్లు పోశాను. గటగటా తాగేసింది, ఫోన్ తీసి టైమ్ చూసేలోపే సగం లేవు. తర్వాత అదే డబ్బా, అదే చెంబు, పది అడుగుల అవతల బైకుల దగ్గర. అక్కడ డబ్బా దించడానికే రాయితో కొట్టాల్సి వచ్చింది. నీళ్లు పోశాను, నిలబడ్డాయి. ఇంట్లోకెళ్లి కాఫీ తాగి వచ్చేసరికి కూడా నిలబడే ఉన్నాయి, పైన ఒక చీమ తేలుతోంది.

మన్ను ఒకటే. మనం చేసిన పని వేరు.

చెట్టు కింద ఆకులు కుళ్లుతాయి, వాటి కోసం వానపాములు వస్తాయి, అవీ వేళ్లూ కలిసి నేలలో సన్నని దారులు చేస్తాయి. నీళ్లు దిగేది ఆ దారుల్లోంచే. నేల మీదకి బండి ఎక్కితే ముందు మూసుకుపోయేవీ అవే. ఆకు కూడా లేని నేలమీద వాన చినుకు పడితే మట్టిబెడ్డ చితికి, ఆ మెత్తటి మన్ను రంధ్రాల్లో కూరుకుని పైన పెచ్చులా గడుతుంది. నల్లరేగడి అయితే ఎండలో నెర్రెలిచ్చి తనే నోరు తెరుచుకుంటుంది, ఎర్రమన్నుకి ఆ గుణం తక్కువ.

అలాగని చెట్లు ఎన్ని ఉంటే అంత మంచిదా అంటే, కాదు. కోలారు వైపు నీలగిరి (యూకలిప్టస్) తోటలు నేల లోతుల్లోని తడిని కూడా లాగేస్తాయి. కర్ణాటక ప్రభుత్వం 2017లో వాటిని కొత్తగా నాటడం ఆపించింది. ఆఫ్రికాలోని బుర్కినా ఫాసోలో చూస్తే, చెట్టే లేని చోటకంటే, చెట్లు దట్టంగా ఉన్న చోటకంటే, అక్కడక్కడా ఉన్న చోటే నీళ్లు ఎక్కువ లోపలికి దిగాయి.

ఇక లెక్క చెబుతాను, కాగితం అక్కర్లేదు. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన అంటే ఒక లీటరు. మన ఊళ్లో ఏడాదికి దాదాపు 970 మిల్లీమీటర్లు పడుతుంది. ముప్ఫై-నలభై అడుగుల సైటు అంటే 111 చదరపు మీటర్లు, అంటే లక్ష లీటర్లకు పైనే. అంతా సిమెంటు వేస్తే అందులో నేలకి చుక్క కూడా దక్కదు.

అందుకే మిమ్మల్ని అడిగేది ఒక్కటే. చెట్టు కింద ఆకులు ఊడ్చి తగలబెట్టకండి, వదిలేయండి. శుభ్రంగా లేదని పక్కింటివాళ్లు అంటారు, అననివ్వండి. మేము తోట చూసే ఆయనకి కానుగ కింద చీపురు పెట్టొద్దని చెప్పాం. బైకుల దగ్గర ఒక వారగా గడ్డపారతో కుళ్లగించి, ఆ ఆకులే తెచ్చి కప్పాం. ఈ వానలు వెళ్లాక అదే డబ్బా అక్కడ మళ్లీ దించి చూస్తాను.