పృచ్ఛకుల ముందు నిలిచిన శక్తులు

శ్రోతలకు నమస్కారం.

కామిక్ పుస్తకాల్లో హీరోకి శక్తి రావడం ఎంతసేపు! సాలీడు కుట్టినా చాలు, ప్రయోగశాలలో ఏదో పేలినా చాలు, తెల్లారేసరికి గోడలెక్కేస్తుంటాడు. "ఏదీ, మా ముందు ఇంకోసారి ఎక్కు" అని ఎవరూ అడగరు. నిజజీవితంలో అడగాల్సింది ముందు ఆ మాటే. గాల్లోంచి విభూతి తీసేవాళ్లకి మన దగ్గర కొదవేం లేదు, కానీ వాళ్లు చెప్పిన చోటే, వాళ్ల భక్తుల మధ్యే తీస్తారు. వాళ్ల సంగతి పక్కన పెట్టి, పరీక్షకు నిలబడ్డవాళ్ల గురించి ఈరోజు మాట్లాడుకుందాం.

మన హైదరాబాద్ కుర్రాడు నీలకంఠ భానుప్రకాశ్ 2020లో మైండ్ స్పోర్ట్స్ ఒలింపియాడ్‌లో నోటిలెక్కల ప్రపంచ పోటీలో బంగారు పతకం గెలిచాడు. చిన్నప్పుడు, ఐదేళ్ల వయసులో, ప్రమాదంలో తలకి పెద్ద దెబ్బ తగిలి చాలాకాలం మంచం మీదే ఉన్నాడు. ఆ దెబ్బ వల్లే ఈ తెలివి వచ్చిందని కొందరు సినిమా కథలా చెప్పేస్తుంటారు. దెబ్బ ఎవరికీ లెక్కలు నేర్పదండీ. బయటికెళ్లి ఆడుకోలేని పిల్లవాడు రోజంతా పజిళ్లతో, అంకెలతో కుస్తీ పట్టాడు. పతకం ఆ కుస్తీది.

అసలు ఇలాంటి పరీక్షని సభగా మార్చి, ముందు వరసలో కూర్చుని చూసే అలవాటు తెలుగువాళ్లకి ఎప్పట్నుంచో ఉంది. రవీంద్రభారతిలోనో, చిక్కడపల్లి త్యాగరాయ గానసభలోనో అష్టావధానం చూసినవాళ్లకి తెలుసు. అవధాని చేతిలో కాగితం ఉండదు, కలం ఉండదు. చుట్టూ ప్రశ్నలడిగే ఎనిమిది మంది పృచ్ఛకులు. ఒకరు అర్థం పొసగని సమస్య ఇస్తారు. ఇంకొకరు పద్యానికి ఏమాత్రం పొంతన లేని నాలుగు మాటలిచ్చి దత్తపది అంటారు. నిషిద్ధాక్షరి పృచ్ఛకుడైతే అవధాని ఒక అక్షరం పలకగానే తర్వాత రాబోయేది ఊహించి "అది వద్దు" అంటాడు. ఇవన్నీ ఒక్కో ఆవృత్తిలో, అంటే ఒక్కో చుట్టులో, ఒక్కో పాదంగా సాగుతుంటే, మధ్యలో అప్రస్తుత ప్రసంగి లేచి "అమీర్‌పేట మెట్రోలో సీటు దొరకాలంటే ఏ మంత్రం చదవాలండీ?" అంటాడు. దానికీ నవ్వు పుట్టించే జవాబు చెప్పాల్సిందే. చివర్లో ధారణ. అల్లిన పద్యాలన్నీ వరసగా అప్పజెప్పాలి.

ఇది ఎలా సాధ్యం? నాకు తోచింది చెబుతాను. మనకి ఛందస్సు అడ్డుగా కనిపిస్తుంది గానీ, అవధానికి అది ఆసరా. ఉత్పలమాల తీసుకోండి. పాదానికి 20 అక్షరాలు, పదో అక్షరం దగ్గర యతి, నాలుగు పాదాల్లోనూ రెండో అక్షరం ప్రాస. ఎక్కడైనా మాట జారిపోతే, అక్కడ ఏది పడుతుందో, ఏది పట్టదో ఛందస్సే చెప్పేస్తుంది. లండన్ పరిశోధకులు జ్ఞాపకశక్తి పోటీల్లో ఆరితేరినవాళ్ల మెదళ్లను స్కాన్ చేసి 2003లో ఫలితాలు ప్రచురించారు. ఆ మెదళ్ల నిర్మాణం అందరిలాంటిదే. తెలిసిన దారిలో ఒక్కోచోట ఒక్కో విషయాన్ని ఉంచుకుంటూ వెళ్లే పద్ధతే వాళ్లలో చాలామంది కిటుకు. మన అవధానులది పద్యంలోని దారి.

అమెరికాలో డేనియల్ కిష్ అని ఒకాయన ఉన్నారు. కంటి క్యాన్సర్ వల్ల పసితనంలోనే రెండు కళ్లూ తీసేశారు. నాలుకతో టక్ టక్‌మని చప్పుడు చేసి, తిరిగొచ్చే ప్రతిధ్వనిని బట్టి ఎదురుగా గోడ ఉందో చెట్టుందో చెబుతారు. సైకిలు కూడా తొక్కుతారు. ఇలా దారి చూసుకునే ఇద్దరు అంధుల్ని కెనడా శాస్త్రవేత్తలు పరీక్షించి, ప్రతిధ్వనులు వింటున్నప్పుడు వాళ్ల మెదడులో చూపుకి సంబంధించిన భాగం పనిచేస్తోందని 2011లో తేల్చారు.

స్కాట్లండ్‌లో జో కామెరాన్ గారిది ఇంకో వింత. ఆమెకి నొప్పి దాదాపు తెలియదు. చెయ్యి కాలినా, కాలిన వాసన వచ్చాకే చూసుకుంటారు. ఆందోళన కూడా లేదు. ఈ ట్రాఫిక్‌లో మనం పడే టెన్షన్ ఆవిడకి అర్థం కాదేమో! అరవై దాటి, ఆపరేషన్ అయ్యాక నొప్పి మాత్రలు వద్దనేసరికి డాక్టరుకి అనుమానం వచ్చి ఆరా తీస్తే, జన్యువుల్లో మార్పు బయటపడింది. అంతవరకు తను అందరిలాంటి మనిషిననే అనుకున్నారు. అలాగని ఇది వరమే అనలేం. నొప్పి తెలియనివాళ్లకి గాయం ముదిరేదాకా తెలియదు. పైగా ఆవిడకి మతిమరుపు కూడా ఎక్కువేనట.

అన్నిటికన్నా నాకు నచ్చింది జాయ్ మిల్నే కథ. ఆమెదీ స్కాట్లండే. నర్సుగా పనిచేశారు. భర్త లెస్ డాక్టరు. ఆయన ముప్పైల్లో ఉండగా ఒంటినుంచి ఏదో ముక్కిన వాసన లాంటిది రావడం గమనించి, సరిగ్గా స్నానం చెయ్యట్లేదని ఆమె సణిగేవారు. ఆయన విసుక్కునేవారు. సుమారు పన్నెండేళ్ల తర్వాత ఆయనకి పార్కిన్సన్స్ అని, అంటే ఒళ్లు వణికించి కదలికల్ని నెమ్మదింపజేసే మెదడు జబ్బు అని తేలింది. ఆ రోగుల సమావేశానికి వెళ్తే, గదిలో చాలామంది దగ్గర అదే వాసన!

ఎడిన్‌బరో శాస్త్రవేత్త టిలో కునాథ్ ఉపన్యాసంలో ఆమె లేచి, రోగాన్ని కనిపెట్టడానికి ఈ వాసనని ఎందుకు వాడుకోరని అడిగారు. ఆయన అప్పుడు పట్టించుకోలేదు. తర్వాత ఆలోచించి, వెతికి పిలిపించి పరీక్ష పెట్టారు. మంచి పృచ్ఛకుడు! రోగులు ఆరుగురు, ఆరోగ్యవంతులు ఆరుగురు వేసుకున్న టీషర్టులు ఇచ్చి, ఏది ఎవరిదో వాసన చూసి చెప్పమన్నారు. ఆరుగురు రోగుల్నీ సరిగ్గా పట్టేశారు. ఆరోగ్యవంతుల్లో ఒకరిని మాత్రం రోగి అన్నారు. పన్నెండుకి పదకొండు, గట్టి మార్కులే అనుకున్నారు. ఎనిమిది నెలల తర్వాత ఆ పన్నెండో మనిషికీ పార్కిన్సన్స్ ఉన్నట్టు బయటపడింది.

ఆ వాసన చెమటది కాదు, చర్మంపై ఊరే జిడ్డుదని తర్వాత తేలింది. ఆ జిడ్డులో తేడా చూపే పదార్థాలను మాంచెస్టర్‌లో పెర్డిటా బారన్ బృందం గుర్తించి 2019లో ప్రకటించింది. వీపు పైభాగాన్ని దూదిపుల్లతో తుడిచి యంత్రంలో పరీక్షించే పద్ధతి మీద ఆ బృందం ఆ తర్వాతా పనిచేస్తూ వచ్చింది. లెస్ 2015లో చనిపోయారు.

సెలవు. నమస్కారం.