ఇది మందు కాదు మేడమ్, తిండి

అందరికీ నమస్కారం. ప్రిన్సిపాల్ గారికి, ఫార్మసీ విభాగం పిల్లలకి ధన్యవాదాలు. నాకిచ్చింది అరగంట, శాలువాలకీ బొకేలకీ పది నిమిషాలు పోయాయి. కాబట్టి మిగతా మర్యాదలు జరిగాయనే అనుకుందాం. సైన్స్ దినోత్సవం కదా, రామన్ ఎఫెక్ట్ గురించి చెప్పమన్నారు. అది మీ ఫిజిక్స్ మేడమ్ నాకంటే బాగా చెబుతారు. నేను ఉద్యోగమంతా చూలు ఎలుకలతో గడిపినదాన్ని. ఆ సంగతులే చెబుతాను.

కొన్నేళ్ల కిందట ఒక సమావేశంలో సప్లిమెంట్లు అమ్మే ఒక కంపెనీ కుర్రాడు నా పక్కన కూర్చున్నాడు. జ్ఞాపకశక్తి పెంచే క్యాప్సూల్స్ అట. "కడుపులో పిండానికి ఏమవుతుందో చూశారా బాబూ?" అని అడిగాను. "ఇది మందు కాదు మేడమ్, తిండి" అన్నాడు, సమోసా అందుకుంటూ. అప్పటినుంచీ ఆ మాట నన్ను వదల్లేదు. తిండైతే క్యాప్సూల్‌లో కూరడం ఎందుకయ్యా, విస్తట్లో వడ్డించు!

కుర్రాణ్ని అని లాభం లేదు. చట్టమే అలా ఉంది. అమెరికాలో 1994లో వచ్చిన చట్టం ప్రకారం సప్లిమెంట్‌ని అమ్మే ముందు అక్కడి ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఆమోదం అక్కర్లేదు. మన దగ్గర ఇవి మందుల చట్టం కిందికి రావు, 2006 నాటి ఆహార భద్రతా చట్టం కిందికి వస్తాయి. షాపులోకి వచ్చే ప్రతి డబ్బానూ పిండం మీద పరీక్షించి తీరాలన్న నియమం ఎక్కడా లేదు.

విన్‌పోసెటిన్ సంగతి చూడండి. మన బిళ్ళగన్నేరుకి చుట్టమైన ఒక మొక్క నుంచి వచ్చే పదార్థాన్ని మార్చి చేసినది. అమెరికాలో మతిమరుపుకీ, హుషారుకీ, బరువు తగ్గడానికీ అని సప్లిమెంట్‌గా ఏళ్ల తరబడి అమ్మారు. చివరికి ప్రభుత్వ సంస్థ, నేషనల్ టాక్సికాలజీ ప్రోగ్రామ్, చూలు ఎలుకలకీ కుందేళ్లకీ ఇచ్చి చూసింది. పిండాల బరువు తగ్గింది, గర్భాలు పోయే అవకాశం పెరిగింది. 2019 జూన్‌లో ఎఫ్‌డీఏ హెచ్చరిక ఇచ్చింది: ఆ జంతువుల రక్తంలో కనిపించిన మోతాదు, మనిషి ఒక్క డోసు వేసుకుంటే ఉండేదానికి దగ్గరగానే ఉందని. ముందు అమ్మారు, తర్వాత చూశారు. ఈ వరస నాకు కోపం తెప్పిస్తుంది.

ఆ పరీక్ష ఎలా చేస్తారో ఒక్క నిమిషం చెప్పనివ్వండి. గర్భం నిలిచినప్పటినుంచి ప్రసవానికి ముందు రోజు దాకా రోజూ ఎలుకకి గొట్టంతో డోసు ఇస్తాం. తర్వాత గర్భాశయం తెరుస్తాం. ఎన్ని పిండాలు నిలిచాయి, ఎన్ని మధ్యలోనే కరిగిపోయాయి అని లెక్కపెడతాం. కరిగిపోయిన చోట ఒక చిన్న ముదురు మచ్చ మిగులుతుంది. కొన్ని పిల్లల్ని అలిజరిన్ అనే ఎర్ర రంగులో నానబెట్టి గ్లిజరిన్‌లో ఉంచితే కండ అద్దంలా మారి ఎముకలు మాత్రం ఎర్రగా తేలతాయి. పక్కటెముక ఒకటి వంకర పోయినా, ఒకటి తక్కువున్నా కనబడుతుంది. ఇందులో బ్రహ్మవిద్యేమీ లేదు. ఓపిక కావాలి, డబ్బు కావాలి. అనుమానమున్నవాటిని ముందుగా వడకట్టడానికైతే జీబ్రా చేప గుడ్లున్నాయి. పారదర్శకంగా ఉంటాయి, రెండో రోజుకే గుండె కొట్టుకోవడం మైక్రోస్కోప్‌లో చూడొచ్చు.

ఒకే జంతువు చాలదు. థాలిడోమైడ్ మీ పాఠాల్లో ఉంది కదా, 1957లో పశ్చిమ జర్మనీలో అమ్మకానికొచ్చింది. 1961 చివర్లో వెనక్కి తీసుకునేలోపు వేలమంది పిల్లలు చేతులూ కాళ్లూ సరిగా ఎదగకుండా పుట్టారు. ఎలుకల్లో సరిగా బయటపడని ఆ దోషం కుందేళ్లలో బయటపడింది.

ఇప్పుడు మన భీమవరం బిడ్డ గురించి చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. యల్లాప్రగడ సుబ్బారావు గారి బృందం 1940లలో అమెరికాలో ఫోలిక్ యాసిడ్ అనే విటమిన్ తయారుచేసింది. పిండంలో మెదడూ వెన్నుపామూ అయ్యే నాడీనాళం గర్భం వచ్చిన 28 రోజుల్లోపే మూసుకుంటుంది, అప్పటికి చాలామందికి నెల తప్పిన సంగతే తెలియదు. ఆ నాళం సరిగా మూసుకోని లోపంతో బిడ్డ పుట్టిన తల్లులకి మళ్లీ గర్భానికి ముందునుంచే ఫోలిక్ యాసిడ్ ఇస్తే ఆ ముప్పు 72 శాతం తగ్గిందని 1991లో బ్రిటన్ వైద్య పరిశోధన మండలి తేల్చింది. అదే బృందం చేసిన అమినోప్టెరిన్ చూడటానికి ఫోలిక్ యాసిడ్ లాగే ఉంటుంది, ముఖ్యంగా ఒక్క చోట తేడా. లుకేమియా అనే రక్త క్యాన్సర్ ఉన్న పిల్లలకి పనికొచ్చింది. గర్భిణులకిస్తే మాత్రం పిండం పోతుంది, నిలిస్తే లోపాలతో పుడుతుంది. ఒక్క చోట మారితే ఇంత తేడా! కంటితో చూసి, "సహజం" అన్న మాట చదివి ఎలా నమ్ముతారు?

విటమిన్ ఏ కూడా అంతే. రెటినాల్ రూపంలో సప్లిమెంట్ల నుంచి రోజుకి 10,000 యూనిట్లు దాటితే దాదాపు 57 మంది శిశువుల్లో ఒకరికి దానివల్లే లోపం వచ్చి ఉంటుందని 1995లో ఒక అమెరికన్ అధ్యయనం లెక్కకట్టింది. హద్దు ఎక్కడన్నదాని మీద తర్వాత వాదాలు నడిచాయి. క్యారెట్లు మానేయకండి, అందులో ఉండేది వేరు. ఆశా కార్యకర్త ఇచ్చే ఐరన్ ఫోలిక్ మాత్రలైతే అసలే మానొద్దు! నా ప్రసంగం విని ఎవరైనా ఆ మాత్రలు పారేశారని తెలిస్తే నేను ఊరుకోను.

అమ్మాయిలూ, మీలో జుట్టుకనో, మొటిమలకనో, చదువుకనో ఏదో ఒకటి వేసుకోనివాళ్లు చేతులెత్తండి. ...చూశారా ప్రిన్సిపాల్ గారూ, ఎన్ని తక్కువో!

డబ్బా మీద చీమ తలంత అక్షరాల్లో "గర్భిణులు డాక్టర్‌ని సంప్రదించాలి" అంటారు. డాక్టర్‌కి మాత్రం ఏం తెలుస్తుంది, ఎవరూ పరీక్షించకపోతే? అందుకని మన ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐకి ఒక ఉత్తరం రాశాను, తలుపు దగ్గర బల్ల మీద ఉంది. పిండం మీద పరీక్షించారో లేదో డబ్బా ముందువైపే రాయాలని, చేసుంటే ఏ జంతువు మీద, ఎంత మోతాదులో అన్నది బయటపెట్టాలని అడిగాను. చదివి, నచ్చితేనే సంతకం పెట్టండి. హాస్టల్ వాళ్లు ముందు రండి, వార్డెన్ గారు అప్పుడే గడియారం చూస్తున్నారు.