కడూనా ఇమామ్, కడూనా పాస్టర్

శ్రోతలకు నమస్కారం.

క్రైస్తవ ఛాందసం, ఇస్లామిక్ తీవ్రవాదం. ఈ రెండింటిలో ఏది ఎక్కువ ప్రమాదం అని వాదన మొదలైతే చాలు, బైబిల్లోంచీ ఖురాన్లోంచీ వాక్యాలు ఏరడం మొదలుపెడతారు. నేను ఈవేళ గ్రంథాల జోలికి పోను. ఇద్దరు మనుషుల గురించి చెబుతాను.

నైజీరియాలో కడూనా అనే పెద్ద నగరం ఉంది. 1992లో అదే పేరున్న రాష్ట్రంలో జంగోన్ కతాఫ్ అనే చోట సంత స్థలం మార్చడం మీద తగువు వచ్చింది. సంత స్థలం, గుర్తుంచుకోండి. ఒకవైపు కతాఫ్ తెగవాళ్లు, ఎక్కువమంది క్రైస్తవులు. ఇంకోవైపు హౌసాలు, ముస్లిములు. ఆ తగువు కడూనాకు పాకేసరికి సంత ఊసే లేదు. మతాల యుద్ధమైపోయింది.

ఆ రోజుల్లో చెరో పక్షాన కుర్రాళ్లను నడిపించినవాళ్లు పాస్టర్ జేమ్స్ వూయే, ఇమామ్ ముహమ్మద్ అషాఫా. ఆ పోరులో వూయేకి కుడిచెయ్యి పోయింది. అషాఫా గురువునీ, ఇద్దరు దగ్గరి బంధువులనీ చంపేశారు. ఇద్దరి మనసులోనూ ఒకటే, పగ.

1995లో పిల్లల టీకాల గురించి జరిగిన సమావేశంలో ఒక విలేకరి ఇద్దరినీ కలిపాడు. అరేబియాలోని తాయిఫ్ పట్టణంలో తనను రాళ్లతో కొట్టినవాళ్లను ముహమ్మద్ ప్రవక్త క్షమించారని మసీదులో విన్న ప్రసంగం అషాఫాను కదిలించింది. వూయే తల్లికి జబ్బు చేస్తే అషాఫా చూడ్డానికి వెళ్లాడు. ఆమె పోతే పరామర్శకు వెళ్లాడు. వూయేకి మాత్రం అంత తొందరగా నమ్మకం కుదరలేదు. ఇద్దరూ కలిసి శాంతి కోసం పనిచేయడం మొదలుపెట్టాక, ఒకే గదిలో పడుకున్న రాత్రి, దిండు అదిమి ఇతన్ని చంపేద్దామా అనిపించిందని తరవాత ఆయనే చెప్పాడు. ఆ నిజాయితీ వల్లే నాకు ఈ కథ మీద నమ్మకం.

మావాళ్లను చంపారు, దేవుడు మా పక్షాన ఉన్నాడు. రెండు గుంపుల్లోనూ ఇవే మాటలు. నాకు కనిపించే పోలిక ఇదీ.

అయితే బలంలో రెండూ సమానమని నేను అనను. ఇవాళ మతం పేరుతో ఆయుధాలు పట్టిన సంస్థల్లో నైజీరియాలోని బోకో హరామ్ లాంటి ఇస్లామిక్ సంస్థలే ఎక్కువ. అమెరికాలో క్రైస్తవ ఛాందసం 1925 నాటి స్కోప్స్ కేసు (బడిలో పరిణామ సిద్ధాంతం చెప్పాడని ఒక టీచరు మీద పెట్టిన కేసు) నుంచీ ఎక్కువగా కోర్టుల్లో, బడుల్లో, ఎన్నికల్లో పోరాడింది. కానీ యుగాండాలో తిరుగుబాటు ముఠా నాయకుడు జోసెఫ్ కోనీ, బైబిల్లోని పది ఆజ్ఞల రాజ్యం తెస్తానంటూనే పిల్లల్ని ఎత్తుకుపోయి తుపాకులిచ్చాడు. చట్టం నడిచేచోట కోర్టుకెక్కే కోపం, నడవనిచోట కత్తి పడుతుందని నా అభిప్రాయం.

ఇంకో మాట. ఈ ఇద్దరూ మతం వదల్లేదు. ఇమామ్ ఇమామే, పాస్టర్ పాస్టరే. అవతలివాడు తన మతంలోకి వస్తే బాగుండునని ఇద్దరూ దాపరికం లేకుండా చెప్పారు. అందుకే వాళ్ల మాట మసీదులోనూ చర్చిలోనూ చెల్లింది. మతం మీద నమ్మకం లేనివాళ్లు వెళ్లి శాంతి చెబితే ఆ కుర్రాళ్లు వినేవాళ్లా? తీవ్రవాదం వైపు జారుతున్న పిల్లాడితో మాట్లాడటానికి ముందు అతను గౌరవించే మౌల్వీనో పాస్టర్నో వెతకండి. నేను ముఖ్యంగా చెప్పదలచుకున్నది ఇదే.

2000లో షరియా, అంటే ఇస్లామిక్ చట్టం, తేవడం మీద వచ్చిన గొడవల్లో కడూనా మళ్లీ తగలబడింది. వాళ్లు శాంతి పని ఆపలేదు. 2004లో నైజీరియాలోనే యెల్వా అనే పట్టణంలో ఫిబ్రవరిలో క్రైస్తవుల్నీ, మే నెలలో వందలమంది ముస్లిముల్నీ చంపారు. అక్కడికీ ఇద్దరూ కలిసే వెళ్లారు. రెండు వర్గాల పెద్దల్నీ ఎదురెదురుగా కూర్చోబెట్టి మాట్లాడించారు. 2005లో ఆ రెండు వర్గాలూ రాజీకి వచ్చాయి.