ఇసుక నుంచి గొట్టం దాకా: ఒక మెటలర్జీ మాస్టారు

అందరికీ నమస్కారం. భోజనాల తర్వాత మెటలర్జీ, అంటే లోహాల శాస్త్రం గురించి మాట్లాడమని నన్ను పిలిచినవాళ్లకు నా మీద ఏదో కోపం ఉండి ఉంటుంది. కునుకు వస్తే మొహమాటపడకండి. ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పినవాణ్ని, నాకు అలవాటే.

హైదరాబాదులో ఈసీఐఎల్ వైపు బస్సులో వెళ్లినవాళ్లు న్యూక్లియర్ ఫ్యూయెల్ కాంప్లెక్స్ గోడ చూసే ఉంటారు. లోపల ఏం చేస్తారని అడిగితే ఎవరైనా ‘యురేనియం’ అంటారు. అది సగం జవాబే. మిగతా సగం జిర్కోనియం గొట్టాలు. ఆ గొట్టాల వెనక ఒక మాస్టారున్నారు, బ్రహ్మప్రకాశ్ గారు. ఆయన గురించి చెబుదామనే వచ్చాను.

1912లో లాహోర్‌లో పుట్టారు. మొదట చదివింది కెమిస్ట్రీ, డాక్టరేటు కూడా అందులోనే. ముప్పై దాటాక అమెరికా వెళ్లి, ఎంఐటీలో మళ్లీ విద్యార్థిగా చేరి మెటలర్జీలో ఇంకో డాక్టరేటు తెచ్చుకున్నారు. ఈలోగా దేశం రెండు ముక్కలైంది, పుట్టిన ఊరు పరాయి దేశంలోకి పోయింది. 1951లో బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో మెటలర్జీ శాఖకు అధిపతి అయ్యారు. ఆ కుర్చీలో కూర్చున్న మొదటి భారతీయుడు ఆయనే. 1957 దాకా అక్కడే ఉన్నారు.

ఆయన గురించి రాసేవాళ్లు ఈ ఆరేళ్లనూ ఒక్క వాక్యంలో దాటేసి అణుశక్తికీ రాకెట్లకూ వెళ్లిపోతారు. నాకది నచ్చదు. అప్పటికి మన దగ్గర మెటలర్జీ అంటే ఇనుము, ఉక్కు. కొలిమి ముందు నిలబడి చెమటోడ్చే చదువు. కానీ అణు రియాక్టరుకు కావలసిన లోహాలు కొలిమి కంటే ముందు గాజుపాత్రలో తయారవుతాయి. కెమిస్ట్రీ, మెటలర్జీ రెండు భాషలూ వచ్చిన మనిషి పాఠం చెబితేనే పిల్లలకు ఆ సంగతి ఒంటపడుతుంది.

జిర్కోనియం సంగతే తీసుకోండి. మన తూర్పు, పడమర తీరాల ఇసుకలో జిర్కాన్ అనే ఖనిజం దొరుకుతుంది. అందులోని జిర్కోనియం, రియాక్టరును నడిపించే న్యూట్రాన్లనే కణాలను దాదాపు ముట్టుకోదు, అందుకే యురేనియం బిళ్లల్ని దాని గొట్టాల్లో పెడతారు. చిక్కేమిటంటే, ఆ ఇసుకలో జిర్కోనియంతో పాటు నూటికి రెండు పాళ్ల వరకూ హాఫ్నియం అనే ఇంకో లోహం ఉంటుంది. ఆవర్తన పట్టికలో ఒకదాని కింద ఒకటి. పరమాణువుల సైజు ఇంచుమించు ఒకటే, రసాయన గుణాలూ అవే. ఒక్క విషయంలోనే తేడా: హాఫ్నియం న్యూట్రాన్లను జిర్కోనియం కంటే అయిదు వందల రెట్లు ఎక్కువగా మింగేస్తుంది. పదివేలల్లో ఒక వంతుకు మించి మిగలకూడదు. కవలల్లో ఒకణ్ని మాత్రమే బయటికి లాగాలన్నమాట.

ఎలా లాగుతారు? ఇసుకను కాస్టిక్ సోడాతో కాల్చి, నైట్రిక్ యాసిడ్‌లో కరిగించి, టీబీపీ (ట్రైబ్యూటైల్ ఫాస్ఫేట్) అనే రసాయనం కలిపిన కిరోసిన్ లాంటి ద్రావకంతో కలియబెడతారు. జిర్కోనియం పై పొరలోకి ఎక్కుతుంది, హాఫ్నియం చాలావరకు కిందే ఉండిపోతుంది. ఒకసారితో పని కాదు. మళ్లీ మళ్లీ.

చదువుకునే రోజుల్లో ఇలాంటి ప్రయోగం నేనూ చేశాను. తొందరలో సెపరేటింగ్ ఫనెల్‌ను గట్టిగా ఊపేశాను. రెండు పొరలూ కలిసిపోయి చిలికిన మజ్జిగలా నురగ. పక్కవాడి ఫనెల్‌లో గీత గీసినట్టు పొరలు, నా దాంట్లో మజ్జిగ. ఒకటే టెన్షన్. మా మాస్టారు చూసి ఏమీ అనలేదు. ఫనెల్‌ను స్టాండుకు తగిలించి, ‘వెళ్లి టీ తాగి రా’ అన్నారు. వచ్చేసరికి గీత కనపడింది.

పొరలు విడిపోయాక సగం పని అయినట్టే అనుకోకండి. ఆక్సైడు చేయాలి, క్లోరైడు చేయాలి, మెగ్నీషియంతో క్షయకరణం చేసి, అంటే క్లోరిన్‌ను లాగేసి, స్పాంజి లాంటి లోహం తీయాలి. దాన్ని వాక్యూమ్‌లో కరిగించి, సాగదీసి, చివరికి అరమిల్లీమీటరు మందం కూడా లేని గోడతో గొట్టం చేయాలి. కెమిస్ట్రీ ఎక్కడ ఆగి మెటలర్జీ ఎక్కడ మొదలైందో మీరే చెప్పండి. నాకైతే ఆ సరిహద్దు ఇప్పటికీ దొరకలేదు.

బెంగళూరు తర్వాత ఆయన ముంబైలోని ట్రాంబే అణుశక్తి కేంద్రంలో మెటలర్జీ పనులకు సారథి. అక్కడ ప్రయోగశాల స్థాయిలో నేర్చుకున్నదంతా ఫ్యాక్టరీగా మారి 1971 నాటికి మన హైదరాబాదు చేరింది. నిలదొక్కుకున్న విద్యను పదిమంది చేతుల్లో పెట్టడం కూడా పాఠం చెప్పడమేనని నా లెక్క. మీకు వేరే లెక్క ఉంటే తర్వాత మాట్లాడుకుందాం.

1971 డిసెంబరు చివర్లో మన అంతరిక్ష కార్యక్రమాన్ని నడిపిస్తున్న విక్రమ్ సారాభాయ్ హఠాత్తుగా పోయారు. మరుసటి ఏడాది తిరువనంతపురంలోని అంతరిక్ష కేంద్రానికి బ్రహ్మప్రకాశ్ గారిని డైరెక్టరుగా పంపారు. అరవై ఏళ్ల వయసు, రాకెట్లు ఆయన చదువు కాదు. అయినా ఏడేళ్లు నడిపారు. అక్కడి సంగతులన్నీ చెప్పను, ఒక్క మధ్యాహ్నం గురించి చెబుతాను.

1979 ఆగస్టు 10. ఉపగ్రహాన్ని మోసుకెళ్లే మన రాకెట్ ఎస్‌ఎల్‌వీ-3 మొదటి ప్రయోగం. రెండో దశలో ఒక వాల్వ్ సరిగా మూసుకోక నైట్రిక్ యాసిడ్ కారిపోయింది, రాకెట్ అదుపు తప్పి సముద్రంలో పడింది. ప్రాజెక్టు బాధ్యత అబ్దుల్ కలాం గారిది. అంతకుముందు రోజులుగా సరైన నిద్ర లేదు. నేరుగా గదికి వెళ్లి మంచం మీద వాలిపోయారు.

మధ్యాహ్నం దాటాక భుజం మీద ఎవరిదో చెయ్యి పడితే మెలకువ వచ్చింది. మంచం పక్కన బ్రహ్మప్రకాశ్ గారు కూర్చుని ఉన్నారు. వాల్వ్ గురించి అడగలేదు, యాసిడ్ గురించి అడగలేదు. భోజనానికి వెళదామా అన్నారు. ఆయన అంతకుముందే రెండుసార్లు వచ్చి, నిద్రపోతుంటే లేపకుండా తిరిగి వెళ్లారని కలాం గారికి తర్వాత తెలిసింది. అంతసేపూ కలాం గారు లేస్తే కలిసి తిందామని ఆగారట.