పచ్చ ఉంగరానికి పట్టిన పసుపు పురుగు: గ్రీన్ లాంటర్న్ రీబర్త్ రివ్యూ

నమస్కారం. హనుమకొండ నుంచి మాట్లాడుతున్నాను. ఈ వీడియోలో రివ్యూ చేస్తున్న పుస్తకం ‘గ్రీన్ లాంటర్న్: రీబర్త్’. జెఫ్ జాన్స్ రాయగా ఈథన్ వాన్ స్కైవర్ బొమ్మలు వేసిన ఈ ఆరు సంచికల కథ 2004, 2005 సంవత్సరాలలో వెలువడింది. విలన్‌గా మారిన ఒక సూపర్ హీరోను మళ్లీ హీరోగా నిలబెట్టడం కోసమే రాసిన పుస్తకం ఇది. అందువల్ల అతడు ఎలా పడిపోయాడో చూడకుండా ఎలా లేచాడో బేరీజు వేయడం కుదరదు. కథ మొత్తం బయటపెట్టబోతున్నాను కనుక, ముందే తెలుసుకోవడం ఇష్టం లేనివారు చదివిన తరువాతే ఈ వీడియో చూడండి.

ఆ హీరో హాల్ జోర్డాన్, 1959లో డీసీ కామిక్స్‌లో పుట్టిన పాత్ర. వృత్తి రీత్యా టెస్ట్ పైలట్. మనసులో తలచుకున్నదానికి ఆకుపచ్చ వెలుగుతో రూపం కట్టే ఉంగరం అతని ఆయుధం. ఓవా అనే గ్రహం మీద ఉండే గార్డియన్లు అలాంటి ఉంగరాలిచ్చి విశ్వమంతటా కాపలా పెట్టిన గ్రీన్ లాంటర్న్ దళంలో అతడొకడు. 1993లో, సూపర్‌మ్యాన్ మరణించి తిరిగి వచ్చే కథలో, హాల్ సొంత ఊరైన కోస్ట్ సిటీ నేలమట్టమై 70 లక్షల మంది చనిపోయారు. ఆ సమయానికి హాల్ అక్కడ లేడు.

ఇప్పుడు 1994లో రాన్ మార్జ్ రాసిన, ‘గ్రీన్ లాంటర్న్’ నెలవారీ సిరీస్‌లోని 48వ సంచిక చూద్దాం. బూడిదగా మిగిలిన ఊరి మధ్య నిలబడి హాల్ తన ఉంగరంతో కోస్ట్ సిటీని మళ్లీ కడతాడు. భవనాలు, వీధులు, మనుషులు అన్నీ పచ్చటి వెలుగులో లేస్తాయి. ఎప్పుడో విమాన ప్రమాదంలో పోయిన తండ్రితో మాట్లాడతాడు, ఆయన నోటి వెంట ఒక మెచ్చుకోలు వినాలని తపిస్తాడు. అంతలో ఉంగరంలో శక్తి అయిపోయి ఊరంతా మాయమవుతుంది. సరిగ్గా అప్పుడే ఒక గార్డియన్ ప్రత్యక్షమై, సొంత పనికి ఉంగరం వాడినందుకు మందలిస్తాడు. ఇల్లు కాలి ఏడుస్తున్నవాడికి నిబంధనలు చదివి వినిపించినట్లుగా ఉండే ఆ సన్నివేశమే, నా దృష్టిలో, ఈ పతనానికంతటికీ కీలకం. అక్కడి నుంచి హాల్ ఓవా వైపు బయలుదేరి, దారిలో అడ్డుపడిన తోటి లాంటర్న్‌లను ఒక్కొక్కరినే ఓడించి వాళ్ల ఉంగరాలు లాక్కుంటాడు. 49వ సంచిక ముఖచిత్రంలో అతని వేళ్లన్నింటికీ ఉంగరాలే కనిపిస్తాయి. 50వ సంచికలో పాత శత్రువు సినెస్ట్రో మెడ విరిచి, చిరకాల మిత్రుడు కిలోవాగ్‌ను అస్థిపంజరం మిగిలేలా కాల్చి, లాంటర్న్‌ల ఉంగరాలన్నింటికీ శక్తినిచ్చే బ్యాటరీలోకి నడిచి వెళ్తాడు. గాంథెట్ ఒక్కడు తప్ప గార్డియన్లు కూడా మిగలరు. తరువాత హాల్ తన పాత ఉంగరాన్ని కాలితో నలిపేస్తాడు.

ఈ మూడు సంచికలు హడావిడిగా తయారైనవే. ముందుగా ప్రకటించిన వేరొక కథను పక్కన పెట్టి వీటిని తెచ్చారు, ఆ తొందర పేజీల్లో కనిపిస్తుంది కూడా. అయినా ఒక మాట ఒప్పుకోవాలి. ఇందులో హాల్‌ను ఏ దయ్యమూ పూనలేదు. దుఃఖం ఉంది, చేతిలో శక్తి ఉంది, వద్దన్నవారి మీద కసి ఉంది. ఒక మంచివాడు చెడిపోవడానికి ఇంతకన్నా ఎక్కువ అవసరమా?

అభిమానులకు ఇది మింగుడు పడలేదు. హీట్ అనే పేరుతో సంఘం కట్టి, హాల్‌ను తిరిగి తీసుకురమ్మని ఏళ్ల తరబడి ఒత్తిడి చేశారు. కంపెనీ కూడా మెట్లు మెట్లుగా దిగివచ్చింది. 1996లో ఆరిపోతున్న సూర్యుణ్ణి వెలిగించడానికి హాల్ ప్రాణం ఇచ్చాడు. 1999లో అతని ఆత్మ దైవశిక్షకు ప్రతిరూపమైన స్పెక్టర్‌కు ఆశ్రయమైంది. 2001లో మొదలైన స్పెక్టర్ సిరీస్‌లో రచయిత డిమాటీస్ ఆ శిక్షాస్వరూపాన్ని విముక్తి వైపు మళ్లించి, చేసిన తప్పు బరువును హాల్ చేత మోయించాడు. ఆ సిరీస్ నెమ్మదిగా సాగుతుంది, కొన్నిచోట్ల ఉపన్యాసంలా కూడా ఉంటుంది, కానీ నేరాన్ని నేరంగా ఒప్పుకున్నది అదొక్కటే.

రీబర్త్ ఆ లెక్కనే మార్చేసింది. దీని ప్రకారం పారలాక్స్ అనేది విలన్‌గా మారాక హాల్ పెట్టుకున్న పేరు కాదు, భయానికి ప్రాణం పోస్తే పుట్టిన పసుపు రంగు కీటకం లాంటి జీవి. గార్డియన్లు దాన్ని ఎన్నో యుగాల కిందట ఆ బ్యాటరీలో బంధించారు. లాంటర్న్‌ల ఉంగరాలు పసుపు రంగు మీద పనిచేయకపోవడానికి కారణం అదే. 1990 నుంచి హాల్ కణతల దగ్గర కనిపిస్తున్న నెరిసిన వెంట్రుకలు కూడా ఆ పురుగు అతనిలో చేరుతున్నదనడానికి గుర్తేనట. అంటే చేసిన హత్యలన్నీ పురుగు ఖాతాలోకి పోయాయి.

పనితనం పరంగా చూస్తే ఇది అద్భుతం. పాఠకులు దశాబ్దాలుగా నవ్వుకున్న పసుపు బలహీనతను, ఒక చిత్రకారుడు వేసిన నెరిసిన జుట్టును, ఎవరికీ నచ్చని ఒక పతనాన్ని ఒకే దారంతో కుట్టడం మామూలు రచయిత వల్ల అయ్యే పని కాదు. వాన్ స్కైవర్ బొమ్మల్లో ప్రతి లాంటర్న్ వెలుగు వేరుగా ఉంటుంది. ఆఖరి సంచికల వేగం నిజంగా ఊపిరి ఆడనివ్వదు. అయితే నా అభ్యంతరం కూడా ఆ నేర్పు మీదే. సినెస్ట్రోను హాల్ చంపలేదని, చచ్చింది వెలుగుతో చేసిన బొమ్మేనని కూడా ఇందులోనే తేల్చేశారు. కిలోవాగ్ అంతకు ముందే మళ్లీ బతికాడు. హతులు లేకుండా, హంతకుడు వేరేవాడై, ఇక క్షమించడానికి మిగిలిందేమిటి? అనుమానం వదలని బ్యాట్‌మ్యాన్ మాత్రమే ఆ ప్రశ్నను మోసుకుని తిరుగుతాడు. అతనికి దక్కిన జవాబు హాల్ పిడికిలి గుద్దు. పాఠకులు ఆ పేజీకి చప్పట్లు కొట్టారు, నాకు మాత్రం చివుక్కుమంది.

పాలకుర్తి పక్కనున్న బమ్మెర పోతన భాగవతం తెలిసిన మనకు ఈ ఎత్తు కొత్తదేమీ కాదు. హిరణ్యకశిపుడు, రావణుడు, శిశుపాలుడు మూడు జన్మల్లో శాపగ్రస్తుడైన ఒకే ద్వారపాలకుడు. అక్కడా దుర్మార్గానికి వెనుక వేరే కారణం ఉంది. కానీ శాపం ఉన్నదని నరసింహుడి గోళ్లు ఆగలేదు. జయవిజయులు మూడు జన్మలూ అనుభవించి, మూడుసార్లూ చచ్చి, ఆ తరువాతే వైకుంఠ ద్వారం చేరారు. కారణం చెప్పడం వేరు, లెక్క కొట్టేయడం వేరు. రీబర్త్ ఈ రెంటినీ ఒకటి చేసింది.

మార్వెల్ కూడా ఇదే దారి పట్టింది. 1980లో ఎక్స్-మెన్ జట్టు హీరోయిన్ జీన్ గ్రే ఒక నక్షత్రాన్ని మింగి 500 కోట్ల ప్రాణాలు తీసినప్పుడు, ప్రధాన సంపాదకుడు జిమ్ షూటర్ శిక్ష తప్పదని పట్టుబట్టడంతో ఆమె చనిపోయింది. 1986లో, ఆ పని చేసింది జీన్ కాదని, ఆమె రూపం ధరించిన ఫీనిక్స్ శక్తి అని చెప్పి జీన్‌ను తిరిగి తెచ్చారు. వింత ఏమిటంటే, 1981లో భార్య జానెట్‌ను కొట్టిన మార్వెల్ హీరో హ్యాంక్ పిమ్ మాత్రం ఆ ఒక్క దెబ్బ నుంచి ఈనాటికీ పూర్తిగా కోలుకోలేదు. గ్రహాన్ని చంపిన చెయ్యిని పాఠకుడు ఎప్పుడూ చూసి ఉండడు, పెళ్లాం మీద లేచిన చెయ్యి మాత్రం పక్కింటిదే. దాన్ని ఏ పురుగు మీదికి నెట్టినా ఎవరూ నమ్మరు.

కనుక పుస్తకంగా రీబర్త్‌కు ఐదింటికి మూడున్నర ఇస్తాను, బొమ్మలకు విడిగా ఇవ్వమంటే ఐదుకు ఐదూ ఇస్తాను. కొత్తగా మొదలుపెట్టేవారు దీన్నే ముందు చదవకండి. 48 నుంచి 50 వరకు ఉన్న సంచికలు ‘ఎమరాల్డ్ ట్వైలైట్’ పేరుతో సంపుటంగా వచ్చాయి. వాటిని చదివి, దొరికితే స్పెక్టర్ సిరీస్‌లో మొదటి కొన్ని సంచికలు చూసి, ఆ తరువాత ఇది తెరవండి. నెరిసిన వెంట్రుకల పేజీ దగ్గరికి వచ్చినప్పుడు మీకు హాయిగా అనిపించిందో, మోసపోయినట్లు అనిపించిందో కామెంట్‌లో రాయండి.