చెయ్యి ఇమ్మని అడగాలంటే

శ్రోతలకు నమస్కారం.

రైసు మిల్లు బెల్టులో చెయ్యి పడటం, రొయ్యల చెరువు గట్టున ఏరియేటర్ వైరు తగిలి షాక్ కొట్టడం, కొబ్బరి దింపు తీసేటప్పుడు పొడవాటి ఇనప గెడ కరెంటు తీగకు తగలడం మన గోదావరి జిల్లాల్లో కొత్త వార్తలేం కావు. హైటెన్షన్ తీగ అయితే ప్రాణం దక్కినా, ఒక్కోసారి రెండు చేతులూ తీసేయాల్సి వస్తుంది. అప్పుడు ఇంట్లోవాళ్లు అడుగుతారు: "కిడ్నీలు మారుస్తున్నారు, గుండె మారుస్తున్నారు. చెయ్యి మార్చలేరాండీ?"

మార్చగలరు. 1998లో ఫ్రాన్సులోని లియాన్‌లో మార్చారు. మన దేశంలో మొదటిసారి 2015 జనవరిలో, కొచ్చిలోని అమృత ఆసుపత్రిలో, ఒక యువకుడికి రెండు చేతులూ అమర్చారు. 2017లో అక్కడే ఒక అమ్మాయికి మోచేతుల పై నుంచి ఓ యువకుడి చేతులు అతికించారు.

ముందు ఎముకలకు ప్లేట్లు, స్క్రూలు బిగిస్తారు. తర్వాత రక్తనాళాలు, నరాలు, కండరాలు. మైక్రోస్కోపులో చూస్తూ, వెంట్రుక కన్నా సన్నటి దారంతో కుట్టాలి. గంటల తరబడి సాగే పనే అయినా, తెగిన చేతులు అతికించి అతికించి డాక్టర్లకు అది చెయ్యి తిరిగిన విద్య. అసలు తిప్పలు వేరే ఉన్నాయి.

మొదటిది టైము. చేతిలో కండ ఎక్కువ. రక్తం అందకపోతే కండ తొందరగా చచ్చిపోతుంది. ఐసులో పెట్టిన కిడ్నీ ఒక రోజు ఆగుతుంది. చెయ్యి ఆగదు, ఆరు గంటలు దాటిందంటే టెన్షనే. ఆలోగా రక్తం గ్రూపు కలవాలి, చెయ్యి సైజు, చర్మం రంగు దగ్గరగా ఉండాలి.

రెండోది నరం. దాత చేతిలోని నరం తవ్వి ఉంచిన పంట కాలువ లాంటిది. నీరు, అంటే కొత్తగా పెరిగే నరం పోగు, చెయ్యి పుచ్చుకున్న మనిషి ఒంట్లోంచే పారాలి, అదీ రోజుకు ఒక మిల్లీమీటరు చొప్పున. మోచేతి పైనుంచి అతికిస్తే శివారు చేనుకు, అంటే వేలి కొసకు, అందేసరికి ఏడాదిన్నర, రెండేళ్లు. అందాకా రోజూ గంటల కొద్దీ ఫిజియోథెరపీ. స్పర్శ తెలియని వేళ్లను ఇంకొకరు పట్టుకుని ఒక్కొక్కటే వంచాలి, చాచాలి.

మూడోది మందులు. చర్మాన్ని మన ఒళ్లు అంత తేలిగ్గా ఒప్పుకోదు. పరాయిదని పసిగట్టి దాడి చేస్తుంది. ఆ దాడిని అణచడానికి జీవితాంతం మాత్రలు మింగాలి. వాటివల్ల షుగరు రావచ్చు, కిడ్నీలు దెబ్బతినొచ్చు, చిన్న పుండు కూడా పెద్దదై కూర్చోవచ్చు. చేపల చెరువులో దిగేవాళ్లు, ఊడ్పుల్లో రోజంతా బురదలో ఉండేవాళ్లు ఈ సంగతి గట్టిగా ఆలోచించుకోవాలి. లియాన్‌లో చెయ్యి పెట్టించుకున్న మనిషి మందులు మానేశాడు. 2001లో తనే అడిగి ఆ చెయ్యి తీయించుకున్నాడు. అందుకే ఒక్క చెయ్యి పోయినవాళ్లకు ఎక్కువగా కృత్రిమ చేతినే సూచిస్తారు. కాళ్లయితే ఇంకా అరుదు, జైపూర్ కాలుతో నడక సాగిపోతుంది కదా.

నన్నడిగితే వీటన్నిటి కన్నా కష్టమైన ఘట్టం ఐసీయూ బయట ఉంటుంది. దాత కాబోయే మనిషి బ్రెయిన్ డెడ్, అంటే మెదడు ఇక కోలుకోకుండా పూర్తిగా ఆగిపోయింది అని నలుగురు డాక్టర్లు, ఆరు గంటల తేడాతో రెండుసార్లు పరీక్షించి రాస్తారు. అప్పటికీ వెంటిలేటర్ మీద ఛాతీ లేస్తూనే ఉంటుంది, ఒళ్లు వెచ్చగానే ఉంటుంది. కిడ్నీలు, కళ్లు తీసుకోండి అన్న కుటుంబం కూడా చేతుల మాటెత్తగానే ఆగిపోతుంది. కిడ్నీ తీశాక కుట్టేస్తే పైకి కనపడదు. చేతి సంగతి అలా కాదు. అది గోరింటాకు పెట్టుకున్న చెయ్యి, పిల్లలకు గోరుముద్దలు పెట్టిన చెయ్యి. స్నానం చేయించేటప్పుడు చుట్టాలంతా చూస్తారు. వచ్చే జన్మలో అవిటిగా పుడతాడేమోనని ఇంట్లో పెద్దావిడ ఏడుస్తుంది. అవయవదానం సభల్లో దధీచి మహర్షిని తలుచుకుంటాం గానీ, ఆ క్షణంలో ఆ తల్లికి పురాణం చెప్పబోవడం అన్యాయం. ఆమెకు తెలియాల్సింది ఒకటుంది. చేతులు తీసుకున్నాక అదే కొలతకు కృత్రిమ చేతులు అమర్చి, నిండు శరీరాన్నే అప్పగిస్తారు. ఈ మాట అడిగేటప్పుడే చెప్పాలి. వద్దంటే, ఇంకో మాట లేకుండా లేచి వచ్చేయాలి.

మీరు అవయవదాన కార్డు తీసుకున్నా, చివరికి సంతకం పెట్టేది మీ ఇంట్లోవాళ్లే. కార్డు బీరువాలో పెట్టి ఊరుకోకండి. చేతుల విషయంలో మీ ఇష్టమేమిటో భోజనాల దగ్గరో, అరుగు మీదో ఒకసారి చెప్పి ఉంచండి.

ఇంకో సంగతి. ఎవరి చెయ్యి వాళ్లకే అతికిస్తే పైన చెప్పిన మాత్రలేవీ అక్కర్లేదు. మిల్లులోనో, కోత మిషన్‌లోనో వేలు గానీ చెయ్యి గానీ తెగితే గాయాన్ని శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి పట్టండి. తెగిన ముక్కను తడిపి పిండిన శుభ్రమైన గుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ కవర్లో పెట్టి మూతి బిగించండి. ఆ కవర్ను ఐసు వేసిన నీళ్లలో ఉంచండి. ఐసుకు మన దగ్గర కరువు లేదు, రొయ్యల పెట్టెల్లో కావలసినంత ఉంటుంది. కానీ ముక్కను నేరుగా ఐసు మీద పెడితే కండ పాడైపోతుంది. మైక్రోసర్జరీ చేసే ప్లాస్టిక్ సర్జన్ ఎక్కడున్నారో ఫోన్‌లో కనుక్కుని నేరుగా అక్కడికే వెళ్లండి. లంక ఊళ్లవాళ్లు పంటు ఎక్కే ముందే 108కి ఫోన్ చేసి, అవతలి రేవులో బండి సిద్ధంగా ఉంచమని చెప్పండి.

నమస్కారం.